కుసి జాయింట్‌కి జిగ్: ఏది కొనాలి, ఏది ఇంట్లో చేసుకోవాలి

రూటర్ (తిరిగే బిట్‌తో చెక్కలో గాడి తవ్వే మెషీన్) కొన్నారు, చిన్న టేబుల్ సా (బల్ల మీద బిగించిన కోత మెషీన్) కూడా ఇంటికొచ్చింది. స్క్రూలతో ఓ స్టూలు, డోవెల్స్‌తో ఓ పుస్తకాల అర చేశాక ఇక అసలైన బెజ్జం-కుసి జాయింట్ వేద్దామనిపించింది, అంటే ఒక చెక్కలో తవ్విన గుంటలోకి (బెజ్జం) ఇంకో చెక్క చివర చెక్కిన నాలుక (కుసి) దిగే అతుకు. కోత ప్రతిసారీ ఒకే కొలతకి వచ్చేలా చెక్కనీ మెషీన్‌నీ దారిలో పెట్టే సాధనమే జిగ్. మోర్టిస్-టెనన్ (బెజ్జం-కుసి) జిగ్ అని వెతికితే వేలతో మొదలై లక్ష దాటేదాకా వరసగా కనిపిస్తాయి. ప్రతి వీడియోలోనూ కుసి వయ్యారంగా బెజ్జంలోకి దిగిపోతుంది. ఏది తీసుకోవాలో తేలక బుర్ర వేడెక్కుతుంది.

జిగ్‌ల జాబితా ముందేసుకుని కూర్చుంటే ఈ సంగతి తెమలదు. బెజ్జం దగ్గర మొదలుపెట్టండి. మీరు వేయబోయే బెజ్జం వెడల్పు ఎంత, లోతు ఎంత, అలాంటివి ఎన్ని కావాలి, దాన్ని తవ్వడానికి మీ దగ్గరున్న మెషీన్ ఏది? ఈ నాలుగూ తేలితే జిగ్ కూడా తేలిపోతుంది. నా లెక్కలో ఇంట్లో పని చేసుకునేవాళ్లలో ఎక్కువమందికి ఒక ఆదివారం ప్లైవుడ్‌తో చేసుకున్న జిగ్ చాలు.

ముందు పని రాసుకోండి

వచ్చే ఏడాదిలో చేద్దామనుకుంటున్నవి ఒక కాగితం మీద రాయండి. డైనింగ్ టేబులా, కుర్చీలా, దోమల మెష్ తలుపులా, మంచమా? ఒక్కోదాని పక్కన చెక్క మందం రాయండి. కుసి మందం చెక్క మందంలో మూడో వంతు దగ్గర ఉంటే రెండు వైపులా బలం సరిపోతుంది. 30 మి.మీ. మెష్ తలుపుకి 10 మి.మీ. కుసి, 35 మి.మీ. తలుపుకి 12 మి.మీ. కుసి. టేబుల్ కాలు లావుగా ఉండి, దానిలోకి వచ్చే పట్టీ సన్నగా ఉంటే, పట్టీ మందంలో సగం దాకా కూడా వెళ్లొచ్చు. బెజ్జం తవ్వేది లావాటి కాల్లో కాబట్టి అది చీలిపోతుందన్న భయం ఉండదు. మూడో వంతు లెక్క కట్టాక వచ్చిన అంకెని మీ దగ్గరున్న బిట్ సైజుకి సర్దుకోండి. 7.3 మి.మీ. బిట్ ఎవరూ అమ్మరు, 8 పెట్టుకోండి.

తర్వాత ఎన్ని జాయింట్లో లెక్కపెట్టండి. రెండు నిలువుపట్టీలు, మూడు అడ్డపట్టీలు ఉన్న మెష్ తలుపుకి 6. మన విశాఖలో సాయంత్రమైతే దోమలకి మెష్ లేని తలుపు తీయలేం కాబట్టి నాలుగు తలుపులు చేస్తారనుకుందాం, 24 అవుతాయి. కుర్చీకి తక్కువలో తక్కువ 8, ఆరు కుర్చీల సెట్టు అంటే 48. ఇంత పని ఉంటే జిగ్ కావాలి. ఒక్క టీపాయ్ కోసమైతే మాత్రం పదునైన ఉలి, మంచి రంపం, మార్కింగ్ గేజ్ చాలు. జిగ్‌కి పెట్టే టైమ్‌లో చేత్తోనే అయిపోతుంది.

గుమ్మాల సంగతి వేరే. గడపతో కలిపి ఒక ద్వారబంధానికి నాలుగు మూలలు. చెక్క 4 అంగుళాలు, 5 అంగుళాలు ఉంటుంది. కుసి ముప్పాతిక అంగుళం మందం. ఇంట్లో వాడే రూటర్ బిట్ అంత లోతుకి చేరదు. ఇలాంటి పనికి జిగ్ కొనే ఆలోచనే వద్దు. ఉలితో మేస్త్రి చేసే పని అది. బెజ్జంలో కుసి దిగాక అడ్డంగా రంధ్రం వేసి వెదురు మేకు కొడతారే, ఆ పద్ధతి మాత్రం నేర్చుకోండి. కుసిలో రంధ్రాన్ని షోల్డర్ (కుసి మొదట్లో ఉండే మెట్టు) వైపు 1 నుంచి 1.5 మి.మీ. జరిపి వేస్తే, మేకు దిగుతున్నకొద్దీ జాయింట్ దానంతటదే బిగుస్తుంది. క్లాంపు లేకపోయినా పని జరిగిపోతుంది.

మీ దగ్గరున్న మెషీన్ ఏమంటోంది

చేతిలో ఇమిడే ట్రిమ్మర్ ఉంటే దాంతో 40 మి.మీ. లోతు బెజ్జం తవ్వాలనుకోకండి. అది అంచులు తీయడానికి చేసింది. బెజ్జానికి ప్లంజ్ రూటర్ కావాలి, అంటే పై నుంచి కిందకి స్ప్రింగుల మీద దిగేది. మోటారు తిరుగుతుండగానే బిట్‌ని కొద్దికొద్దిగా లోపలికి దించగలగాలి.

దాని కొలెట్, అంటే బిట్‌ని పట్టుకునే బిగింపు, సైజు ఎంతో చూడండి. మన మార్కెట్లో అంగుళాల బిట్లు, మిల్లీమీటర్ల బిట్లు కలగాపులగంగా దొరుకుతాయి. 12 మి.మీ. షాంక్ (కాడ) ఉన్న బిట్‌ని అరంగుళం కొలెట్‌లో, అంటే 12.7లో, బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, తిరిగేటప్పుడు జారుతుంది. 6 మి.మీ.కి, పావంగుళానికి కూడా ఇదే గొడవ. వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపులో అడిగితే "రెండు సూత్‌ల బిట్ అంటే ఆరే కదండీ" అని చేతిలో పెడతారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, రెండు సూత్‌లంటే 6.35. తేడా చిన్నదే, కానీ నిమిషానికి ఇరవై వేల సార్లు తిరిగే ఉక్కు ముక్క విషయంలో దాన్ని చిన్నదనుకోవడానికి లేదు. వెర్నియర్ తీసుకెళ్లి కొలుచుకునే కొనండి.

ఇదే తేడా జిగ్ ఎంపికలోనూ అడ్డొస్తుంది. అమెరికా, కెనడా జిగ్‌లలో చాలావరకు అంగుళాల లెక్కతో వస్తాయి. వాటి గైడ్ 3/8 అంగుళాల బిట్ కోసం చేసింది, అంటే 9.5 మి.మీ. మీ దగ్గరున్నది 10 మి.మీ. బిట్. బెజ్జం ఒక కొలతకి, కుసి ఇంకో కొలతకి వస్తాయి. కొనేముందు ఆ జిగ్‌కి మిల్లీమీటర్ల గైడ్‌లు దొరుకుతాయా, లేక అంగుళాల బిట్లు కూడా తెప్పించుకోవాలా అన్నది తేల్చుకోండి. కరెంటుతో నడిచే పరికరమైతే 110 వోల్టుల మోడల్ కాదు కదా అని కూడా చూడండి.

టేబుల్ సా దగ్గరికొస్తే, షాపులో దొరికే కుసి జిగ్‌లు 19 మి.మీ. వెడల్పు, 9.5 మి.మీ. లోతు ఉండే గాడిలో జారేలా చేసినవి. పెద్ద మెషీన్లకి ఆ గాడి ఉంటుంది. చిన్న మెషీన్లలో కొన్నింటికి గాడి సన్నగా ఉంటుంది, కొన్నింటి టేబుల్ పల్చటి అల్యూమినియం. ఇక మన దగ్గర చాలామంది చేసేది ఇంకోటుంది: ప్లైవుడ్ బల్ల కింద సర్క్యులర్ సా తిరగేసి బిగించడం. దానికి గాడే ఉండదు. అలాంటి బల్ల మీద బరువైన ఇనప జిగ్ కొనడం డబ్బు దండగ. ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే అడ్డుపలక) మీద జారే ప్లైవుడ్ జిగ్ చేసుకోవాలి, అది కూడా ఫెన్స్ బ్లేడుకి సమాంతరంగా గట్టిగా నిలబడితేనే. ఫెన్స్ ఊగుతుంటే ముందు దాని సంగతి చూడండి.

బెజ్జం ముందు, కుసి తర్వాత

ఈ వరస మార్చకండి. బెజ్జం వెడల్పుని బిట్ నిర్ణయిస్తుంది, దాన్ని మీరు మార్చలేరు. కుసిని మాత్రం కాగితమంత పల్చగా చెక్కుతూ దానికి సరిపెట్టొచ్చు. అందుకే బెజ్జం జిగ్‌లో చూడాల్సింది ఒకే కొలతని మళ్లీ మళ్లీ ఇస్తుందా అని. కుసి జిగ్‌లో చూడాల్సింది ఎంత సన్నగా సర్దుకోనిస్తుందో అని. కొనే జిగ్‌ల బ్రోచర్లలో కోణాలు, సైజులు బోలెడు రాస్తారు. ఈ రెండూ లేకపోతే ఆ బోలెడంతా ఎందుకూ పనికిరాదు.

రూటర్ బేస్ కింద రెండు పిన్నులతో తనంతట తానే మధ్యలోకి వచ్చే అటాచ్‌మెంట్ ఒకటి దొరుకుతుంది. చూడ్డానికి తెలివైన ఏర్పాటు. చెక్క చివరకి వచ్చేసరికి ఒక పిన్ను గాల్లో వేలాడుతుంది, అక్కడ బెజ్జం వంకర పోతుంది. మన బెజ్జాలు చాలావరకు చెక్క చివరల్లోనే ఉంటాయి కదా. పైగా అది చెక్క మధ్యను పట్టుకుంటుంది. ఒక పట్టీ 30, ఇంకోటి 29 వచ్చిందనుకోండి, రెండింటి ముఖాలూ ఒకే మట్టంలోకి రావు. నేనైతే దీన్ని కొనమని చెప్పను.

పెట్టె జిగ్ చేసుకునే తీరు

18 మి.మీ. ప్లైలో 400 పొడవు, 150 ఎత్తు పలక ఒకటి కోయండి. ఇది నిలువు పలక, చెక్కను ఆనించే ముఖం ఇదే. దాని వెనక పై అంచుకి సమంగా, 400 పొడవున్న ఇంకో ముక్కని అడ్డంగా అతికించి స్క్రూలు వేయండి. నిలువు పలక మందంతో కలిపి పై వెడల్పు 80 మి.మీ. ఉంటే చాలు, రూటర్ కూర్చోవడానికి చోటు వస్తుంది. రెండు ముక్కల మధ్య మూలమట్టం పెట్టి లంబకోణం చూసుకుంటూ స్క్రూలు బిగించండి. ఇక్కడ వచ్చిన వంకర మీరు చేసే ప్రతి తలుపులోనూ కనిపిస్తుంది. నిలువు పలక మధ్యలో, పైనా ముందూ, ఒక గీత గీయండి.

ఇప్పుడు స్టాప్‌లు, అంటే రూటర్‌ని అటూ ఇటూ ఆపే ముక్కలు. రూటర్ బేస్ ఎంత పొడవో కొలవండి. బెజ్జం పొడవులోంచి బిట్ వ్యాసం తీసేస్తే రూటర్ ఎంత దూరం జరగాలో వస్తుంది. 50 మి.మీ. బెజ్జం, 10 మి.మీ. బిట్ అయితే 40. బేస్ 150 అయితే రెండు స్టాప్‌ల మధ్య 190 ఉండాలి. మధ్య గీతకి అటూ ఇటూ 95 చొప్పున రెండు చిన్న ముక్కలు స్క్రూతో బిగించండి. బేస్ గుండ్రంగా ఉంటే రూటర్‌ని చేతిలో తిప్పకండి. బిట్ సరిగ్గా బేస్ మధ్యలో ఉంటుందని నమ్మకం లేదు. టేప్ ముక్క అంటించి ఎప్పుడూ ఆ వైపే మీ వైపు ఉండేలా పట్టుకోండి.

పట్టీ మీద బెజ్జం మధ్య గీత ఒకటే గీస్తే చాలు, మొత్తం బెజ్జం గీయక్కర్లేదు. పట్టీ మంచి ముఖాన్ని జిగ్‌కి ఆనించి, గీతకి గీత కలిపి, అంచు పై పలకతో సమంగా వచ్చేలా క్లాంపు వేయండి. కంటితో చూసి ఒప్పుకోకండి. చెక్కకీ పలకకీ మధ్య అతుకు మీదుగా గోరు లాగి చూడండి. ఎక్కడా తట్టకూడదు.

రూటర్‌తో వచ్చే ఎడ్జ్ గైడ్ పై పలక వెనక అంచుకి ఆనుకుని నడుస్తుంది. మీరు రూటర్‌ని ముందుకు తోస్తున్నప్పుడు ఆ గైడ్ కుడివైపు ఉండాలి. అప్పుడు బిట్ తిరిగే తిరుగుడే గైడ్‌ని పలకకి గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఎడమవైపు పెడితే మీ చేతిలోంచి పక్కకి గుంజుకుపోతుంది. మురి తిరిగిన కార్బైడ్ బిట్, పొట్టును పైకి తోసే రకం, వాడండి. ఒక్కో దించుడుకి 4 మి.మీ. దాటొద్దు. రెండు మూడు దించుళ్లకోసారి ఆపి వాక్యూమ్‌తో పొట్టు లాగేయండి. కాలిన వాసన వస్తే బిట్ మొద్దుబారింది, లేదా మీరు మరీ నెమ్మదిగా పోతున్నారు. చెవులకి మఫ్స్ తప్పనిసరి. అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కింటివాళ్ల మధ్యాహ్నం నిద్ర కూడా గుర్తుంచుకోవాలి.

మందం తేడాలున్న చెక్కతో పని చేసేవాళ్లకి ఈ జిగ్‌లో ఒక పెద్ద సుఖం ఉంది. సామిల్లులో 30కి తీయమంటే కొన్ని 30, కొన్ని 29.5 వస్తాయి. ముఖం ఎప్పుడూ జిగ్‌కే ఆనుతుంది కాబట్టి తేడా అంతా వెనక్కి పోతుంది. ముందువైపు అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి.

బెజ్జం పొడవు ఒక్కటే ఎప్పుడూ వాడతారనుకుంటే స్టాప్‌ల బదులు గైడ్ బుష్ (బిట్ చుట్టూ రూటర్ బేస్‌కి బిగించే గొట్టం), టెంప్లేట్ (ఆ గొట్టం నడిచే గాడి ఉన్న పలక) పద్ధతి మేలు. టెంప్లేట్‌లో గాడి వెడల్పు బుష్ బయటి వ్యాసంతో సమానం. పొడవేమో బెజ్జం పొడవుకి బుష్, బిట్ వ్యాసాల తేడా కలిపితే వస్తుంది. 16 మి.మీ. బుష్, 10 మి.మీ. బిట్, 50 మి.మీ. బెజ్జం అయితే గాడి 56 పొడవు, 16 వెడల్పు. మీ రూటర్‌కి సరిపోయే బుష్ దొరకకపోతే గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద ఇత్తడితో తిరగేయించుకోవచ్చు. బొమ్మ గీసి కొలతలు రాసిస్తే చాలు, నోటితో చెప్పి రావద్దు.

కుసికి జిగ్, దాని పక్కన నాలుగు కాగితాలు

కుసిని టేబుల్ సా మీద పట్టీ నిలబెట్టి కోయాలంటే జిగ్ లేకుండా ప్రయత్నించనే వద్దు. చేత్తో పట్టుకుని నిలువుగా బ్లేడు మీదకి తోసేవాళ్లని చూస్తుంటాం, అది పక్కకి ఒరిగితే వేళ్లు పోతాయి. జిగ్‌లో పట్టీకి వెనక ఆనిక, క్లాంపు రెండూ ఉండాలి. ఫెన్స్ మీద జారే రకానికి బోర్లించిన ప్లై పెట్టె చేసి, లోపలి పక్కలకి మైనం రాయండి. పక్కకి ఊపితే కదలకూడదు, ముందుకి తోస్తే ఆగకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరేదాకా గరుకు కాగితంతో అరగదీస్తూ ఉండాలి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

కోసే పద్ధతులు రెండు. మొదటిది, ఒక పక్క కోసి, పట్టీని తిప్పి రెండో పక్క కోయడం. కుసి నడిమధ్యన వస్తుంది, కానీ పట్టీ మందంలో ఉన్న తేడా అంతా కుసిలోకి వస్తుంది. రెండోది స్పేసర్ పద్ధతి. ముఖం జిగ్‌కి ఆనించి ఒక పక్క కోస్తారు. తర్వాత పట్టీని తిప్పకుండా, జిగ్‌కీ పట్టీకీ మధ్య స్పేసర్ పెట్టి రెండో కోత వేస్తారు. స్పేసర్ మందం అంటే కావలసిన కుసి మందానికి బ్లేడు కోసే వెడల్పు కలపడమే. 10 మి.మీ. కుసి, 3 మి.మీ. కోత అయితే 13. పట్టీ 30 ఉన్నా 29 ఉన్నా కుసి మాత్రం 10కే వస్తుంది. మన సామిల్లు చెక్కతో నేను రెండో దానికే ఓటేస్తాను.

సర్దుబాటు ఎలాగంటే, ప్రింటర్‌లో పెట్టే మామూలు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. పనికిరాని ముక్క మీద కుసి కోసి బెజ్జంలో పెట్టి చూడండి. వదులుగా ఉంటే స్పేసర్‌కి ఒక కాగితం ముక్క అంటించండి, కుసి 0.1 లావెక్కుతుంది. బిగుతుగా ఉంటే స్పేసర్‌ని గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్దండి. తిప్పి కోసే పద్ధతిలో అయితే అదే కాగితం రెండింతలు పని చేస్తుంది, 0.2 తేడా వస్తుంది. ఇది తెలియక ఒక్క కాగితంతో బిగుతు నుంచి వదులుకి దూకి విసిగిపోతారు చాలామంది. చేత్తో నొక్కితే దిగాలి, సుత్తి అక్కర్లేదు. దిగాక ఒక పట్టీ పట్టుకుని పైకెత్తితే రెండోది జారిపడకూడదు. సరిపోయిన స్పేసర్ మీద సైజు, బ్లేడు పేరు పెన్నుతో రాసి దాచుకోండి. బ్లేడు మారిస్తే కోత వెడల్పు మారుతుంది, ఆ స్పేసర్ ఇక పనికిరాదు.

స్పేసర్ పద్ధతిలో కుసి పక్కలు ముందు కోసి, షోల్డర్ కోతలు చివరికి ఉంచుకోండి. అలాగైతే నిలువు కోతలో చెక్క ముక్క విడిపోయి బ్లేడుకీ జిగ్‌కీ మధ్య ఇరుక్కోదు. షోల్డర్ కోసేటప్పుడు కుసి చివరను నేరుగా ఫెన్స్‌కి ఆనించకండి. తెగిన ముక్క ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య పడి మీ మీదకే ఎగురుతుంది. ఫెన్స్ ముందు భాగంలో, బ్లేడు రాకముందే అయిపోయేలా ఒక స్టాప్ ముక్క బిగించి, కొలత దానికి ఆనించి తీసుకోండి. కోత బ్లేడు దగ్గరికి వచ్చేసరికి ఆ వైపంతా ఖాళీగా ఉండాలి.

రూటర్ బెజ్జం చివరలు గుండ్రంగా ఉంటాయి, కుసి మూలలు నలుచదరంగా ఉంటాయి. ఉలితో బెజ్జం మూలలు తీయొచ్చు, లేదా ఆకురాయితో కుసి అంచులు గుండ్రం చేయొచ్చు. నాకు రెండోదే తేలిక. కుసి పొడవు బెజ్జం లోతుకంటే 2 మి.మీ. తక్కువ పెట్టండి, మిగిలిన జిగురు అక్కడ చేరుతుంది.

కుసి జిగ్ అసలే వద్దనుకుంటే

రెండు ముక్కల్లోనూ బెజ్జాలే తవ్వి, మధ్యలో విడిగా చేసిన కుసి దించే పద్ధతి ఉంది. పెట్టె జిగ్ ఒక్కటే చాలు, టేబుల్ సా జిగ్ పనే లేదు. అడ్డపట్టీని నిలువుగా పట్టుకునేలా జిగ్ ముఖానికి ఒక చిన్న పట్టీ ఆనిక కలిపితే అయిపోతుంది. పట్టీల పొడవు లెక్క కూడా సులువు, రెండు నిలువుపట్టీల మధ్య దూరమే అడ్డపట్టీ పొడవు. కుసి కోసం పొడవాటి టేకు పట్టీలు 10 మి.మీ.కి కొంచెం లావుగా తీయించి, ఇంట్లో చిత్రిక పట్టి సరిచేసి, అంచులు గుండ్రం చేసి ముక్కలు కోసుకోవాలి. వాటి వెడల్పు ముఖం మీద రంపంతో సన్నటి గాడి ఒకటి గీస్తే లోపలి గాలి, మిగులు జిగురు బయటికొస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే దారి. కుర్చీలకైతే మరీనూ. కుర్చీ ముందువైపు వెడల్పు, వెనక ఇరుకు కాబట్టి పక్క పట్టీలు కొంచెం ఏటవాలుగా చేరతాయి. మామూలు కుసి అయితే ఆ వాలులోనే చెక్కాలి, చాలా కష్టం. విడి కుసి అయితే పట్టీ చివరను ఆ కోణానికి కోసి, జిగ్‌లో ఆ కోణానికే చేసిన వాలుముక్క ఒకటి ఆనించి బెజ్జం తవ్వుకుంటే చాలు, కుసి నిటారుగానే ఉంటుంది.

విశాఖ గాలికి తగ్గట్టు

సముద్రం పక్కన ఉంటూ జిగ్‌ని ఎండీఎఫ్‌తో చేయకండి, వానాకాలం వచ్చేసరికి అంచులు ఉబ్బుతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకుని, కోసిన అంచులకి రెండు పూతలు వార్నిష్ వేయండి. ఇనప జిగ్ కొంటే తుడిచి మైనం పట్టించి కవర్లో పెట్టాలి. బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో వారం వదిలేస్తే తుప్పు మరకలు పడతాయి. జారే చోట నూనె కంటే మైనం మంచిది, నూనె చెక్కకి అంటుకుంటే తర్వాత జిగురు పట్టదు.

చెక్క సంగతి కూడా చూడాలి. మన గాలి తేమకి చెక్క 14 శాతం చుట్టుపక్కల తేమతో స్థిరపడుతుంది. ఏసీ గదిలో ఉంచిన చెక్క అంతకంటే ఎండిపోతుంది. టేకు తేమ 4 శాతం పెరిగితే 10 మి.మీ. కుసి సుమారు 0.08 మి.మీ. లావెక్కుతుంది. దాదాపు ఒక కాగితం మందం, అంటే మీరు అంత జాగ్రత్తగా సర్దిన బిగువు ఇటునుంచి అటు మారిపోయేంత. కాబట్టి ఏసీ గదిలో కోసి వరండాలో బిగించకండి. కోసిన కుసుల్ని అక్టోబరు ముసురులో వారం రోజులు అలా వదిలేయకండి. కోసినవి రెండు రోజుల్లో జిగురు పెట్టి బిగించేయండి, కుదరకపోతే పాలిథీన్ చుట్టి ఉంచండి. బయటి తలుపులకి, మెష్ తలుపులకి మామూలు ఫెవికాల్ కాకుండా మెరైన్ రకం వాడండి.

పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే బర్మా టేకు మీద చాలామందికి మోజు. మోజు పడదగ్గదే, ఎప్పుడో బాగా ఆరి కుదురుకున్న చెక్క అది. మేకులు విరిగి లోపలే ఉండిపోతాయి, అదొక్కటే చిక్కు. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికాకే జిగ్‌లో పెట్టండి. హుద్‌హుద్‌లో, 2014 అక్టోబరులో, పడిపోయిన చెట్ల చెక్క అంటూ ఎవరైనా ఇస్తే అది బాగా ఆరిపోయి ఉంటుంది. కానీ దాచిన చోటు తడిదా, పురుగు పట్టిందా అని ఒక ముక్క కోసి చూసుకోండి.

అయినా కొనాలనుకుంటే

మీ కాగితం మీద జాయింట్ల లెక్క వంద దాటి, రకరకాల సైజులు ఉంటే కొనడంలో తప్పులేదు. డబ్బు తక్కువ పెట్టాలంటే, రూటర్ లేకుండా డ్రిల్‌తోనే పని నడిపే బీడ్‌లాక్ లాంటివి ఉన్నాయి. రాక్లర్ కంపెనీది. పక్కపక్కనే రంధ్రాలు వేస్తే, ఆ ఆకారానికే చేసిన గాళ్ల కుసి అందులో దిగుతుంది. కుసి కర్ర వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి, ఇక్కడ అయిపోతే మళ్లీ తెప్పించుకోవాలి. అందుకే నాకు అంత నచ్చదు.

డ్రిల్ ప్రెస్‌కి బిగించే చదరపు ఉలి (లోపల బిట్ తిరిగే బోలు ఉలి) అటాచ్‌మెంట్ మెత్తటి చెక్కకి పర్వాలేదు. మద్ది, తుమ్మ లాంటి గట్టి చెక్కలో లివరు మీద ఒళ్లంతా వేసి నొక్కాలి. విడిగా మోర్టైజర్ మెషీనే కొంటే ఆ బాధ తగ్గుతుంది, చోటు మాత్రం కావాలి. బిట్ కొసకీ ఉలికీ మధ్య 1 నుంచి 2 మి.మీ. ఖాళీ వదలాలి, లేకపోతే రెండూ రాసుకుని వేడెక్కి నీలం తిరుగుతాయి.

రూటర్ జిగ్‌లలో కెనడా వాళ్ల లీ ఎఫ్‌ఎంటీ ఒకే గైడ్‌తో బెజ్జం, కుసి రెండూ కోస్తుంది. బిగువు సర్దుకునే ఏర్పాటు కూడా ఉంది, వాలు జాయింట్లకీ పనికొస్తుంది. పాంటోరూటర్‌ది ఇంకో దారి. మాథియాస్ వాండెల్ అనే ఆయన చెక్కతో తయారుచేసిన డిజైన్, తర్వాత అల్యూమినియంలో అమ్మకానికి వచ్చింది. టెంప్లేట్ కుసికి రెండింతలు పెద్దది ఉంటుంది కాబట్టి టెంప్లేట్‌లో చిన్న లోపం ఉన్నా జాయింట్‌లో సగానికి తగ్గిపోతుంది. చెక్క రకాన్ని మీరే కట్టుకోవచ్చు, ఓపిక ఉన్నవాళ్లకి అదో సరదా. రెండూ బయటి నుంచే రావాలి, ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ సుంకం పడతాయి. ఒక విడిభాగం పోతే వారాల తరబడి పని ఆగుతుంది.

ఫెస్టూల్ డొమినో జిగ్ కిందకి రాదు, అది విడి కుసులకి బెజ్జాలు తవ్వే ఒక మెషీన్. కానీ జిగ్ కోసం వెతికేవాళ్లు చివరికి అక్కడికే చేరతారు. డీఎఫ్ 500 మోడల్ 28 మి.మీ. లోతు దాకా వెళ్తుంది, 10 మి.మీ. కుసి దాకా వేస్తుంది. టీపాయ్‌లు, అల్మరా ఫ్రేములకి సరిపోతుంది. తలుపులు, మంచాలు చేయాలంటే డీఎఫ్ 700 కావాలి, అది 70 మి.మీ. లోతు, 14 మి.మీ. కుసి దాకా పోతుంది. వేగంలో దీన్ని మించింది లేదు. ఆ వేగానికి పని దొరికే షాపు ఉన్నవాళ్లకే గిట్టుబాటు. ఇంటి అవసరానికైతే నాకు అంత ధర సమర్థించుకోవడం కష్టం.

ఏది తెప్పించుకున్నా, వాపసు గడువు ముగియకముందే పరీక్షించండి. ఒకే పట్టీలోంచి కోసిన నాలుగు ముక్కలు తీసుకుని, సెట్టింగ్ మార్చకుండా రెండు బెజ్జాలు, రెండు కుసులు కోయండి. మొదటి కుసి రెండో బెజ్జంలోకి, రెండోది మొదటి దాంట్లోకి ఒకే బిగువుతో దిగాలి. ముఖాల మీద గోరు లాగితే తట్టకూడదు. మూలమట్టం ఆనిస్తే వెలుతురు కనిపించకూడదు. తర్వాత క్లాంపులన్నీ విప్పి, సెట్టింగ్ చెరిపేసి, మళ్లీ మొదటినుంచి పెట్టి ఇంకో జత కోయండి. కొత్త కుసి పాత బెజ్జంలో అదే బిగువుతో దిగితే ఉంచుకోండి. ఒక కాగితం కంటే ఎక్కువ తేడా వస్తే ప్యాక్ చేసి వెనక్కి పంపేయండి.